తొంభై నాలుగు శాతం

బుసైతీన్, బహ్రెయిన్
11 మార్చి 2007

అక్కకు నమస్కారం.

నేను క్షేమం. ప్రతి ఉత్తరంలో రాసే ఈ ముక్క ఈసారి నిజంగానే నిజం. సఖీర్ సైటులో టైమ్‌కీపర్ పని వదిలేశాను. ఎండలో నిలబడి కూలీల తలలు లెక్కపెట్టే పని పోయి, ఏసీలో కూర్చుని విద్యార్థుల తలలు లెక్కపెట్టే పని వచ్చింది. నీ తమ్ముడు ఇప్పుడు గోల్డెన్ హొరైజన్ యూనివర్సిటీలో డేటా ఆఫీసర్. మెడలో ఫొటో ఉన్న కార్డు, తిరిగే కుర్చీ, టీ తెచ్చి ఇచ్చే మనిషి.

యూనివర్సిటీ అంటే చెట్లూ మైదానాలూ ఊహించుకోకు. కింద ఫర్నిచర్ షోరూమ్, పైన మూడు అంతస్తులు మావి. సోఫా కొనడానికి వచ్చి, లిఫ్టులో తప్పు బటన్ నొక్కి, అడ్మిషన్ తీసుకుని పోయినవాళ్ళు ఉన్నారని ఇక్కడ చెప్పుకుంటారు. మా లైబ్రరీలో పుస్తకాలకంటే కుర్చీలు ఎక్కువ. అవీ కింది షోరూమ్‌వే. మంచి బేరం తగిలితే ఎవరైనా కూర్చుని ఉన్నా లేపి పట్టుకుపోతారు.

మా ఆఫీసర్ ఇమ్తియాజ్ సార్‌ది హైదరాబాద్, టోలిచౌకి. పదవి పేరు స్టూడెంట్ సక్సెస్ డైరెక్టర్. అంతకుముందు అమ్వాజ్‌లో ఫ్లాట్లు అమ్మేవాడు. సముద్రం కనిపించని ఫ్లాట్లను కూడా సముద్రపు గాలి వచ్చే ఫ్లాట్లని అమ్మిన ఘనుడు. రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టించాడు: ‘మా విద్యార్థుల్లో తొంభై నాలుగు శాతం పట్టభద్రులు!’ ఆ అంకెలు చూసుకునేది ఇకమీదట నేనే.

ఈ ఉద్యోగం సంగతి చెప్పి, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది మహబూబ్ పాషా భాయ్. జగిత్యాల మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. యూనివర్సిటీ బస్సు డ్రైవర్. ఆయన కూతురు హిబా ఇక్కడే కంప్యూటర్ కోర్సు మూడో సంవత్సరం. ఉద్యోగుల పిల్లలకు ఫీజు సగం. భార్య సాలెహా వదిన ఇంట్లో బట్టలు కుడుతుంది.

శాతాలంటే నాకు చిన్నప్పటి నుంచి జ్వరమని నీకు తెలుసు. లెక్కల టీచర్‌వి, నాలుగు సూత్రాలు రాసి పంపు. బావకు నమస్కారాలు.

ఏసీలో వణుకుతున్న
దేవేందర్


కోరుట్ల
4 ఏప్రిల్ 2007

తమ్ముడు దేవేందర్‌కు విజయరాణి అక్క దీవెనలు.

ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే పోదా అని మీ బావ అంటాడు. ఫోన్‌లో నువ్వు సగం అబద్ధం, సగం దగ్గు. కాగితం మీదైతే దొరికిపోతావు. అందుకే నాకు ఉత్తరమే కావాలి.

నీ సంగతి మీ బావకు చదివి వినిపించాను. అదే నా తప్పు. ఆయన డిపోకు పోయి ‘మా బామ్మర్ది బహ్రెయిన్ యూనివర్సిటీల ప్రొఫెసర్ అయిండు’ అని చెప్పాడు. సాయంత్రానికి ఇద్దరు డ్రైవర్లు, ఒక మెకానిక్ పిల్లల మార్కుల మెమోలు పట్టుకుని మన అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళకు నేను టీ పెట్టాను. ఆ టీపొడి నువ్వే పంపాలి.

ఇక సూత్రాలు. శాతానికి ఒకటే సూత్రం ఉంది: పైన ఏముంది, కింద ఏముంది. తొంభై నాలుగు శాతం అంటున్నావు, ఎంతమందిలో? చేరినవాళ్ళలోనా, చివరి పరీక్ష రాసినవాళ్ళలోనా, ఫొటో దిగినవాళ్ళలోనా? కింది అంకె చెప్పకుండా శాతం చెప్పేవాణ్ణి నేనైతే తరగతిలో నిలబెడతాను.

మీ బావకు ఇది వెంటనే అర్థమైంది. పాతికేళ్ళ కండక్టర్ కదా. ‘బస్సుల యాభై సీట్లుంటే, ముప్పైమంది ఎక్కితే ఓఆర్ అరవై శాతం. ఇరవై సీట్లు పీకి బయట పారేస్తే నూరు. మా డిపో మేనేజర్‌కు ఈ ముచ్చట చెప్పకు, సీట్లు పీకుతడు’ అన్నాడు.

నేను చదువు సగంలో ఆపినదాన్నే కాబట్టి అడుగుతున్నాను. ఎమ్మెస్సీలో ఒక్క పేపర్ మిగిలిపోయి పద్నాలుగేళ్ళయింది. ఆ పేపర్ ఉంటే ఈపాటికి జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. నా బోటివాళ్ళు మీ లెక్కలో ఎక్కడుంటారు?

వేళకు తిను.

అక్క


బుసైతీన్
20 మే 2007

అక్కా,

నువ్వు గొప్పదానివి! ‘కింద ఏముంది’ అన్న నీ ప్రశ్నను ఇమ్తియాజ్ సార్‌కు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. లేచి వచ్చి భుజం తట్టాడు. ‘అరే దేవేందర్ భాయ్, మీ అక్క అసలు పాయింటే పట్టింది. ఖేల్ మొత్తం కిందనే ఉంటది’ అన్నాడు. నిన్ను సలహాదారుగా పెట్టుకోవాలట!

ఇక మా లెక్క విను. మొదటి బ్యాచ్‌లో చేరినవాళ్ళు 212. చివరి సెమిస్టర్‌కు మిగిలినవాళ్ళు యాభై. పాసైనవాళ్ళు 47. యాభైలో 47 ఎంత? తొంభై నాలుగు. మిగతా 162 మంది ఏమయ్యారని నువ్వు అడుగుతావని తెలుసు. సార్ దగ్గర అన్నిటికీ జవాబుంది. మొదటి సెమిస్టర్‌లోనే పోయినవాళ్ళు విద్యార్థులు కాదు, చూడవచ్చిన అతిథులు. వేరే కాలేజీకి పోయినవాళ్ళు ఆ కాలేజీ సమస్య. పెళ్ళి చేసుకుని మానేసిన అమ్మాయిలు ‘జీవితంలో స్థిరపడినవారు’. ఫెయిలైనవాళ్ళు ఇంకా నేర్చుకుంటున్నారు, నేర్చుకునేవాణ్ణి ఫెయిల్ అనడం పాపం. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తే వాళ్ళు చేరనే లేదని తేలుతుంది.

చదువు మానకుండా ఉన్నవాళ్ళ శాతం కూడా ఒకటుంది. అది ఇంకా సులువు. పోయినవాడికి ఫోన్ చేస్తాను. మోగితే వాడు ఇంకా మావాడే.

మా అడ్మిషన్ల పుస్తకంలో ‘ముప్పై ఒక్క దేశాల విద్యార్థులు’ అని ఉంటుంది. నేను లెక్కపెడితే ఏడు తేలాయి. సార్ నవ్వాడు. ఒక కుర్రాడు ఇక్కడే పుట్టాడు, తండ్రి జాంజిబార్‌లో, తల్లి కరాచీలో, తాత మస్కట్‌లో. ఒక్కడిలోనే నాలుగు దేశాలు! ‘ఎనిమిదిమంది ఇట్లాంటోళ్ళు దొరికితే ఐక్యరాజ్యసమితి మనింట్లనే’ అన్నాడు. నవ్వొస్తుంది కానీ అక్కా, సైటులో మేస్త్రీలు చచ్చినా కూలీల లెక్క మార్చనిచ్చేవారు కాదు. ఇక్కడ అందరూ కోటు వేసుకుని మార్చేస్తారు.

మహబూబ్ పాషా భాయ్‌కి మార్చి ఆఖరులో గుండెనొప్పి వచ్చి ఆపరేషన్ అయింది. సాలెహా వదినకు అరబీ రాదు, ఇంగ్లీష్ రాదు. డాక్టర్లతో మాట్లాడటానికి హిబానే ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ సెమిస్టర్‌కు సెలవు పెట్టింది. దరఖాస్తు మీద ముద్ర నేనే కొట్టాను.

ఒక పని. నీ డిగ్రీ, బీఈడీ, ఎమ్మెస్సీ మార్కుల జిరాక్స్‌లు, రెండు ఫొటోలు వెంటనే పంపు. ఎందుకో తర్వాత చెబుతాను. మంచికే.

నీ
దేవేందర్


కోరుట్ల
25 జూన్ 2007

తమ్ముడికి,

జిరాక్స్‌లు, ఫొటోలు ఇందులో పెట్టాను. ఫొటోలో మొహం కోపంగా ఉందని మీ బావ అన్నాడు. అది కోపం కాదు, లెక్కల టీచర్ మొహం.

నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది. సలహాదారు మాట రాసి, ఆ వెంటనే సర్టిఫికెట్లు అడిగితే ఎంతటి మొద్దుకైనా తెలుస్తుంది. అక్కడ లెక్కల లెక్చరర్ ఉద్యోగం చూస్తున్నావు కదా! ముందు నవ్వుకున్నాను. తర్వాత నాలుగు రోజులు నిద్రపట్టలేదు. నలభై మూడేళ్ళు వచ్చాక విమానమా? మీ బావ అప్పుడే కందిపప్పు వండటం నేర్చుకుంటున్నాడు. నిన్న పప్పు గిన్నె మాడింది. ‘కువైట్ పోయినోళ్ళ ఇండ్లళ్ళ ఇట్లనే ఉంటదట’ అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నాడు. బహ్రెయిన్, కువైట్ వేరని చెప్పినా ఆయనకు అన్నీ దుబాయే.

మీ 162 మంది గురించి చదివి నేను తిట్టాలి. తిట్టబోయి ఆగాను. మా స్కూల్ గేటు మీద కూడా ఒక బోర్డుంది: ‘పదో తరగతి నూటికి నూరు శాతం’. ఎలా వచ్చిందనుకున్నావు? తొమ్మిదిలో బాగా వెనకబడ్డవాళ్ళకు హాజరు చాలలేదని రాసి పదికి పోనివ్వం. ఈ ఏడు ఏడుగురు. మధ్యాహ్నం భోజనం వండే అంజవ్వ మనవరాలు జలజ అందులో ఒకతి. హెడ్‌మాస్టర్ చెప్పాడు, క్లాస్ టీచర్‌గా నేను సంతకం పెట్టాను. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. అంజవ్వ నా పళ్ళెంలో రోజూ ఒక గరిటె ఎక్కువే వేస్తుంది. దానివల్ల ముద్ద దిగడం లేదు.

పాషా భాయ్‌ని ఉప్పు తగ్గించమను.

వీసాకు ఇంకేం కాగితాలు కావాలో రాయి.

అక్క


బుసైతీన్
14 సెప్టెంబర్ 2007

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టకు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగాను. ముందు మంచి మాట. నువ్వు యూనివర్సిటీలో ఉన్నావు. లెక్చరర్‌గా కాదు, విద్యార్థిగా.

జనవరిలో సర్కారు తనిఖీ బృందం వస్తుంది. ఆడవాళ్ళు ఎందరు, నలభై దాటినవాళ్ళు ఎందరు, ఏ దేశాలవాళ్ళు అని పట్టిక అడిగారు. నలభై దాటిన ఆడవాళ్ళ గడిలో సున్నా ఉంది. సున్నా బాగుండదని సార్ అన్నాడు. ‘అందరూ ఇంటికొకరిని తెండి’ అన్నాడు. నేను నిన్ను తెచ్చాను. నువ్వు నిరుడు ఫిబ్రవరి నుంచి ఎంబీఏ చదువుతున్నావు. హాజరు తొంభై ఒక్క శాతం. మార్కెటింగ్‌లో కొంచెం వీక్, లెక్కల్లో ఫస్ట్. నమ్మకంగా ఉండాలని అలా వేశాను.

మా ఎలక్ట్రీషియన్ ముత్తన్న ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. ఫొటో కోసం టై కట్టించారు. ఆ టై విప్పడం రాక మర్నాడు కూడా దానితోనే డ్యూటీకి వచ్చి, ‘సార్, పరీచ్చలెప్పుడు? నిచ్చెన మీదికెళ్ళి దిగి రాయాలె గద’ అన్నాడు.

ఇక రెండో మాట. హిబా తిరిగి చేరడానికి వచ్చింది. ఆమె ఒక సెమిస్టర్ ఆగింది కాబట్టి నాలుగేళ్ళలో డిగ్రీ పూర్తి కాదు. అలాంటివాళ్ళు ఉంటే మా శాతం పడిపోతుంది. ఆగస్టులోనే సార్ ఒక జాబితా ఇచ్చి వీళ్ళు చేరనట్టే చెయ్యమన్నాడు. అందులో ఆమె పేరుంది. సగం ఫీజు విద్యార్థి కాబట్టి ముందు వరసలోనే ఉంది. తీసేశాను.

ఆమె నా బల్ల ముందు నిలబడి ‘అంకుల్, కంప్యూటర్‌లో నా పేరు రావడం లేదంటున్నారు’ అంది. సిస్టం అప్‌డేట్ అవుతోందని చెప్పాను. ఇమ్తియాజ్ సార్ బయటకు వచ్చి, ‘బేటీ, మొదటి సంవత్సరంలో చేరిపో, ఫ్రెష్‌గా! నీలాంటి కొత్త విద్యార్థులే మాకు కావాలి’ అన్నాడు. రెండున్నరేళ్ళ చదువు అక్కా. ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు చూసింది, పోయింది.

పేరు తీసినవాళ్ళ ఫైళ్ళు చింపేయమన్నారు. చింపడానికి టైం దొరకలేదు. పాత బీరువాలో పడేసి తాళం వేశాను.

నిన్ను అడగకుండా చేసినందుకు కోపం వద్దు. ఎవరికీ నష్టం లేదు కదా.

దేవేందర్


కోరుట్ల
6 అక్టోబర్ 2007

దేవేందర్,

నష్టం లేదా? స్టాఫ్‌రూమ్‌లో నాకు వీడ్కోలు సభ జరిగింది. అటెండర్‌తో సహా చందా వేసుకుని చక్రాల సూట్‌కేసు ఇచ్చారు. హిందీ పండిట్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు రోజూ స్కూల్‌కు పోయి వాళ్ళ మొహాలు చూడాలి. ఆ సూట్‌కేసులో మీ బావ ఉల్లిగడ్డలు పోశాడు. సరే, అది నా తొందరపాటు, నేనే పడతాను.

కానీ ఆ పిల్ల? ఏ మనిషి నీ చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడో, ఆ మనిషి బిడ్డను అదే కుర్చీలో కూర్చుని తుడిచేశావు. సెలవు కాగితం మీద ముద్ర నీదే. గడప దాటని నాకు తొంభై ఒక్క శాతం హాజరు వేసిన చెయ్యీ నీదే. అమ్మ బతికి ఉంటే నీకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

నీ ఉత్తరం మడిచి పెట్టి నా రిజిస్టర్ తీశాను. నీకు ఒక మాట దాచి రాశాను. హాజరు చాలలేదని రాశాం అన్నానే, జలజ బడికి రాక కాదు. రోజూ వచ్చింది. రెండో బెంచీ, గోడ పక్క. వచ్చిన రోజులకు ఆబ్సెంట్ వేసింది నేను. నీకూ నాకూ పోలిక ముక్కులో ఒక్కచోటే అనుకున్నాను.

నిన్న అంజవ్వ ఇంటికి పోయాను. పోయి, తప్పు నాదని చెప్పాను. ‘మల్ల బడికి రమ్మంటవా, వద్దంటవా, అది జెప్పు పంతులమ్మా’ అంది. రమ్మన్నాను. పదో తరగతి పేర్లు బోర్డుకు పంపేలోగా దిద్దుతాను. హెడ్‌మాస్టర్ ఏం చేస్తాడో చూస్తాను.

నువ్వు రెండు పనులు చెయ్యి. నా పేరు తియ్యి. ఆ పిల్ల పేరు పెట్టు. అవి చేశాకే నాకు ఉత్తరం రాయి.

విజయరాణి


బుసైతీన్
30 డిసెంబర్ 2007

అక్కా,

రెండూ చెయ్యలేదు, అయినా రాస్తున్నాను. చదువు, తర్వాత చింపెయ్.

నీ పేరు తియ్యమని సార్‌ను అడిగాను. ఆయనకు చెమట పట్టింది. ‘తీస్తే మధ్యలో మానేసినట్టు లెక్క. శాతం పడిపోతది. ఒక్కసారి లోపలికి వచ్చినోళ్ళు బయటికి పోయే దారి ఒకటే, డిగ్రీ’ అన్నాడు. వారం తిరగకుండా నిన్ను పాస్ చేశాడు. నువ్వు పట్టభద్రురాలివి అయిపోయావు. ‘ఉత్తమ వయోజన విద్యార్థిని’ బహుమతి కూడా నీకే.

స్నాతకోత్సవం మనామాలో ఒక పెద్ద హోటల్‌లో పెట్టారు. నీ పేరు పిలిస్తే ఎవరో ఒకరు వేదిక ఎక్కాలి. మా ఆఫీసు ఊడ్చే నాగవ్వ ఉంది, ఆర్మూర్ దగ్గరి మనిషి. ఆమెకు నల్ల గౌను, టోపీ తొడిగించి పంపారు. ఎవరో పెద్దమనిషి చెయ్యి కలపబోతే ఆమె రెండు చేతులూ జోడించి కాళ్ళకు దండం పెట్టబోయింది. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. మర్నాడు పేపర్‌లో ‘సంప్రదాయాన్ని మరువని పట్టభద్రురాలు’ అని ఫొటో వేశారు. ఆరోజు వేదిక దిగగానే నాగవ్వ నన్ను అడిగింది: ‘ఏం పాసైన సారూ నేను?’ ఎంబీఏ అన్నాను. ‘గట్లనా. రేపటి సంది బాత్‌రూములు ఎవ్వలు కడుగుతరు మరి?’ అంది. వెక్కిరింపుగా కాదు అక్కా. నిజంగానే అడిగింది.

మమ్మల్ని హోటల్‌కు తీసుకుపోయింది మహబూబ్ పాషా భాయ్ బస్సే. ఆపరేషన్ తర్వాత ఆగస్టు నుంచి మళ్ళీ తోలుతున్నాడు. హాలు వెనక నిలబడి అంతా చూశాడు. నాగవ్వ మెట్లెక్కడం చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు అందరూ దిగాక నన్ను ఆపాడు. తిడతాడనుకున్నాను.

‘తమ్మీ, ఈ బస్సు ఎక్కినోళ్ళను నేను యాది మరువ. నా బిడ్డ రెండున్నరేండ్లు నా ఎనక సీట్లనే కూసోని వచ్చింది. మీ కంప్యూటర్‌కు ఎరుక లేకున్నా నాకు ఎరుకనే. నిన్ను అడుగుతలేను. నీక్కూడ ఇల్లున్నది, పిల్లలైతరు’ అన్నాడు. నన్ను కాపాడుతూ మాట్లాడాడు అక్కా. తిట్టినా బాగుండేది.

హిబా ఇప్పుడు ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు కొడుతోంది.

నీ సర్టిఫికెట్ కొరియర్‌లో పంపారు. అందుతుంది. జనవరిలో తనిఖీవాళ్ళు పట్టభద్రులకు ఫోన్ చెయ్యవచ్చు. నీ నంబర్ ఫైల్‌లో ఉంది. చేస్తే, చదువు బాగుంది, క్యాంపస్ బాగుంది అని రెండు మాటలు అను. ఇంత జరిగాక అడగడానికి సిగ్గుగానే ఉంది. కానీ నువ్వు కాదంటే నా ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. ఈ ఒక్కసారికి.

దేవేందర్


కోరుట్ల
24 జనవరి 2008

తమ్ముడికి,

సర్టిఫికెట్ వచ్చింది. బంగారు ముద్ర, ఎర్ర రిబ్బన్. నేను పదిహేనేళ్ళు చదివి తెచ్చుకున్న బీఎస్సీ కాగితం దాని పక్కన రేషన్ కార్డులా ఉంది. మా హెడ్‌మాస్టర్ చూసి లేచి నిలబడ్డాడు. ‘విదేశీ డిగ్రీ మేడమ్! సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కిద్దాం, ప్రమోషన్‌కు పనికొస్తుంది’ అన్నాడు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఎక్కిద్దామా అనిపించింది. నీకు చెప్పక ఎవరికి చెప్పను?

సోమవారం ఫోన్ వచ్చింది. ఒక ఆడమనిషి, మర్యాదగా ఇంగ్లీష్‌లో మాట్లాడింది. పక్కన మీ బావ ‘బాగుందను, బాగుందను’ అని చేతులు ఊపుతున్నాడు. పాపం, నీ మీద ప్రేమతోనే. ఆమె ‘మీకు క్యాంపస్‌లో ఏది నచ్చింది?’ అని అడిగింది. నోరు తెరిచాను. మధ్యాహ్నం తరగతిలో ఆబ్సెంట్ అని తప్పుగా వేసిన ఒక పేరును ప్రెజెంట్‌గా దిద్దుకొని వచ్చాను. ఆ తర్వాత నోటికి మళ్ళీ అబద్ధం రాలేదు.

‘అమ్మా, నేను బహ్రెయిన్ ఎప్పుడూ చూడలేదు. ఆ కాలేజీలో నేను చదవలేదు. రెండున్నరేళ్ళు నిజంగా చదివిన అమ్మాయి ఒకతి ఉంది, పేరు హిబా, తండ్రి పేరు మహబూబ్ పాషా. ఆమెను లేదంటున్నారు. నా బదులు ఆమెను అడగండి’ అన్నాను. ఆమె ఆ పేరు స్పెల్లింగ్ అడిగింది. చెప్పాను. ఆమె ఇచ్చిన చిరునామాకు సర్టిఫికెట్ కూడా పంపేశాను.

నీ పేరు నేను చెప్పలేదు. కానీ వాళ్ళు పిచ్చివాళ్ళు కాదు. నీ ఉద్యోగం పోతే అది నా చేతుల మీదే పోయింది. తిట్టాలనుకుంటే తిట్టు. వచ్చేస్తే ఇల్లుంది, మీ బావ మాడ్చిన పప్పుంది.

ఫోన్ పెట్టాక మీ బావ అన్నం తినలేదు. నేనూ తినలేదు.

అక్క


సఖీర్
20 ఫిబ్రవరి 2008

అక్కా,

నీ ఉత్తరం మొన్న అందింది. చదివి ముందు నవ్వాను, తర్వాత క్యాంపు బయటకు పోయి కాసేపు కూర్చున్నాను. నువ్వు నా ఉద్యోగం తీసేశానని ఏడుస్తున్నావు. అది నువ్వు ఫోన్ ఎత్తడానికి నాలుగు గంటల ముందే పోయింది.

సోమవారం ఉదయం తనిఖీవాళ్ళు వచ్చారు. ఇమ్తియాజ్ సార్ లైబ్రరీ చూపించాడు. సరిగ్గా అప్పుడే షోరూమ్‌వాళ్ళు వచ్చి రెండు కుర్చీలు పట్టుకుపోయారు. ఫర్నిచర్ రిపేరుకు పోతోందని సార్ చెప్పాడు. తర్వాత బృందంలో పెద్దావిడ నా బల్ల దగ్గర కూర్చుంది. ‘యాభైలో నలభై ఏడు, బాగుంది. మొదట చేరింది ఎంతమంది?’ అని అడిగింది. నువ్వడిగిన ప్రశ్నే. సార్ నా వెనక నిలబడి దగ్గాడు.

నాకు పాషా భాయ్ మాటే చెవిలో ఉంది. సొరుగులోంచి పాత బీరువా తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను. ఫైళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. హిబా ఫైల్ అన్నిటికంటే పైన పెట్టాను: మార్కులు, హాజరు, సెలవు కాగితం, దాని మీద నా ముద్ర. ఈ పేర్లు తీసింది, చదవని నీ పేరు చేర్చింది నేనేనని రాసి సంతకం పెట్టాను. సార్ పాలిపోయిన మొహంతో ‘ఖలాస్’ అన్నాడు. ఆ ఒక్కమాటే. ఆ మధ్యాహ్నమే నీకు ఫోన్ చేశారన్నమాట. నేను చెప్పింది నిజమా కాదా అని చూసుకోవడానికి. నువ్వు ‘బాగుంది’ అని ఉంటే, నన్ను కాపాడబోయి నన్నే అబద్ధాలకోరును చేసేదానివి.

కొత్త అడ్మిషన్లు ఆపేశారు. ఇమ్తియాజ్ సార్ గురించి మాత్రం బాధపడకు. పక్క దేశంలో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో చేరిపోయాడు. పదవి, నాణ్యతా డైరెక్టర్.

పాత విద్యార్థులందరికీ మార్కుల పత్రాలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. హిబాకు వచ్చాయి. ఇంకో యూనివర్సిటీ ఆమెను మూడో సంవత్సరంలో తీసుకుంది. ఏడాది నష్టం. వాళ్ళింటికి పోయాను. ఆమె తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ‘అంకుల్, మీరు ముందే ఇచ్చి ఉంటే నా సెప్టెంబర్ పోయేది కాదు’ అంది. అవును బిడ్డా అన్నాను. సాలెహా వదిన లోపలి నుంచి టీ పంపింది. పాషా భాయ్ ఆ బస్సు మానేసి స్కూల్ బస్సు తోలుతున్నాడు.

నాకు పాత కంపెనీ కఫీల్, అదే వీసా ఇచ్చే యజమాని, దయతలచి మళ్ళీ టైమ్‌కీపర్ పని ఇచ్చాడు. జీతం తగ్గింది. ఎండ అదే. పొద్దున నూట నలభైమంది బస్సు దిగితే నూట నలభై రాస్తాను. ముత్తన్న కూడా ఇక్కడికే వచ్చాడు. ఆర్కిటెక్చర్ వదిలేశాడు.

జలజ ఎలా చదువుతోంది?

నీ తమ్ముడు
దేవేందర్


కోరుట్ల
27 మే 2008

దేవేందర్‌కు దీవెనలు.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా స్కూల్‌కు తొంభై ఏడు శాతం. రాసింది డెబ్బైరెండు మంది, పోయింది ఇద్దరు. అందులో ఒకతి జలజ. లెక్కల్లో ఇరవై ఎనిమిది వచ్చాయి. ఇంకో ఏడు మార్కులు వస్తే పాసయ్యేది. నాలుగు నెలలు బీడీలు చుట్టించి, అయిదు నెలల్లో పాస్ కమ్మంటే ఎట్లా అవుతుంది? మిగిలిన సబ్జెక్టులన్నీ గట్టెక్కింది.

హెడ్‌మాస్టర్ గేటు మీది బోర్డు దించి, తుడవమని పెయింటర్‌కు ఇచ్చాడు. నాతో మాట్లాడటం లేదు. నా పేరు బదిలీల జాబితాలో పెట్టాడని స్టాఫ్‌రూమ్‌లో గుసగుస. వెళ్ళమంటే వెళతాను. మీ బావకు ఏ ఊరి బస్సైనా ఒకటే.

జలజ ఫలితం చూసుకుని మొహం చెల్లక రెండు రోజులు బయటకు రాలేదు. మూడో రోజు అంజవ్వ వెంటబెట్టుకుని వచ్చింది. తిట్టడానికనుకున్నాను. ‘పంతులమ్మా, ఫెయిలైందట. పేపర్ల దీని నంబర్ లేదు. మరి పరీచ్చ రాసినట్టేనా, రాయనట్టా?’ అని అడిగింది. రాసినట్టే అని మెమో తీసి చూపించాను. పేరు, తండ్రి పేరు, ఆరు సబ్జెక్టుల మార్కులు. ఆమెకు చదవడం రాదు. మనవరాలి పేరు ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి చూసుకుంది.

సప్లిమెంటరీకి పదిహేను రోజులుంది. పొద్దున్నే ఆరింటికి జలజ మనింటికే వస్తోంది. త్రిభుజాలు పట్టుబడ్డాయి, సంభావ్యత ఇంకా రాలేదు. నాలుగైదు రోజుల్లో వస్తుంది. పిల్ల తెలివైనదే, నేనే చూడలేదు.

ఇప్పుడే వచ్చి అరుగు మీద కూర్చుంది. నిన్నటి లెక్క తప్పు చేసుకొచ్చినట్టుంది, పుస్తకం తెరవడం లేదు. పోయి చూడాలి.

అక్క